గ్రామీణతను కొలవడం: ఆరోగ్య పరిశోధనలో కొలమానాల చరిత్ర

వ్యాససంగ్రహం:

ప్రజారోగ్య పరిశోధనలో 'గ్రామీణ', 'పట్టణ' అనే విభజన తరచుగా కనిపిస్తుంది. శిశు మరణాలు, కాన్పులు, టీకాలు, వైద్యుల సంఖ్య మొదలైన గణాంకాలన్నీ ఈ రెండు గడుల్లోనే ప్రచురితమవుతుంటాయి. ఒక ప్రాంతాన్ని గ్రామీణమని నిర్ణయించే కొలమానం ఎక్కడ, ఎందుకు పుట్టిందన్న ప్రశ్న మాత్రం తక్కువగా చర్చకు వస్తుంది. 1901 జనగణన నుండి నేటి ఆరోగ్య సర్వేల వరకు భారతదేశంలో గ్రామీణతను కొలిచిన తీరును, తెలుగు ప్రాంతాల ఉదాహరణలతో, ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. పాలనావసరాల కోసం పుట్టిన కొలమానాన్ని ఆరోగ్య రంగం యథాతథంగా స్వీకరించడం వల్ల దూరం అనే అంశం మరుగున పడిందని ఇది ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గ్రామీణత, జనగణన, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆవాసం, దూరం, ఏజెన్సీ ప్రాంతం, జనగణన పట్టణం.

1. ఉపోద్ఘాతం:

2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వెయ్యి సజీవ జననాలకు శిశు మరణాల రేటు పట్టణాల్లో 26.6, గ్రామాల్లో 38.4. ఆసుపత్రి కాన్పులు పట్టణాల్లో 93.8 శాతం, గ్రామాల్లో 86.7 శాతం. ఈ అంకెలను బట్టి గ్రామాలు వెనుకబడి ఉన్నాయని చెప్పడం సులభం. కాని ఇక్కడ 'గ్రామం' అన్న ఒక్క మాట కింద తణుకు పక్కన కాలువగట్టు మీది ఊరూ ఉంది, పాడేరు కొండల్లో రోడ్డు లేని గూడెమూ ఉంది. మొదటి ఊరి నుండి ఆసుపత్రికి ఆటోలో చేరుకోవచ్చు. రెండవ చోట గర్భిణిని డోలీ కట్టి మోసుకొని రావలసిన పరిస్థితి నేటికీ వార్తల్లో కనిపిస్తూనే ఉంది. ఈ రెంటినీ కలిపి తీసిన సగటు మొదటి ఊరి స్థితిని గాని, రెండవ ఊరి స్థితిని గాని సరిగా చెప్పదు.

అందువల్ల గ్రామీణత ఎంత అనే ప్రశ్నకు ముందు, గ్రామీణతను దేనితో కొలుస్తున్నారు అనే ప్రశ్న వేసుకోవాలి. ఇప్పటివరకు వాడుకలోకి వచ్చిన కొలమానాలను స్థూలంగా మూడుగా విభజించవచ్చు. మొదటిది హోదా: ఆ ఊరికి పురపాలక సంఘం ఉందా లేదా అన్నది. రెండవది సంఖ్య: జనాభా, జనసాంద్రత, వృత్తుల నిష్పత్తి. మూడవది దూరం: వైద్యసేవ దొరికే చోటికి చేరడానికి పట్టే మైళ్లు లేదా గంటలు. భారతీయ సందర్భంలో మొదటి రెండూ పాతుకుపోయాయి. మూడవది ఆలస్యంగా, అదీ మినహాయింపు రూపంలోనే ప్రవేశించింది.

2. తెలుగు వాడుకలో ఊరు - దూరం:

అధికారిక నిర్వచనాలను పరిశీలించే ముందు భాషలో ఉన్న వర్గీకరణను గమనించడం ఉచితం. తెలుగులో జనావాసాలకు ఉన్న పేర్లు 'పల్లె', 'పట్నం' అనే జంటతో ముగిసిపోవు. ఊరు, పేట, పాలెం, వాడ, గూడెం, తండా, పెంట అనే మాటలు ఒక్కొక్కటి ఒక్కొక్క రకమైన నివాసాన్ని సూచిస్తాయి. తండా అనగానే లంబాడీల ఆవాసం, పెంట అనగానే నల్లమల చెంచుల ఆవాసం స్ఫురిస్తాయి. రెవెన్యూ వ్యవహారంలో మూల గ్రామానికి అనుబంధంగా ఉన్న చిన్న ఆవాసాన్ని తెలంగాణలో మజరా అనీ, కోస్తాలో శివారు గ్రామం అనీ అంటారు. ఒక ఊరు మరొక ఊరిపై ఆధారపడి ఉన్నదనే భావం ఈ రెండు మాటల్లోనూ ఉంది.

దూరాన్ని చెప్పే మాటలు మరింత ఆసక్తికరమైనవి. కోసు, ఆమడ వంటివి నేలను కొలిచే మాటలు. వాటితో పాటు 'కూతవేటు', 'పూట ప్రయాణం' వంటి వాడుకలున్నాయి. కూతవేటు అంటే పిలిస్తే వినబడేంత దగ్గర. పూట ప్రయాణం అంటే చేరడానికి ఒక పూట పట్టేంత దూరం. ఈ రెండవ మాట దూరాన్ని కాలంతో కొలుస్తుంది. దారి మెట్టదైనా, అడ్డంగా వాగు ఉన్నా ఆ కష్టమంతా 'పూట'లోనే ఇమిడిపోతుంది. ఇరవయ్యవ శతాబ్ది చివర ఆరోగ్య భూగోళ శాస్త్రజ్ఞులు 'ప్రయాణ కాలం' పేరుతో ప్రతిపాదించిన కొలమానపు సారం ఇదే. జన వ్యవహారంలో ఉన్న ఈ వివేకం పాలనా పత్రాల్లోకి మాత్రం రాలేదు.

3. జనగణనలో పట్టణ నిర్వచనం:

జనగణన గ్రామాన్ని నేరుగా నిర్వచించలేదు. పట్టణాన్ని నిర్వచించి, మిగిలినదంతా గ్రామీణమని తీసుకుంది. కనుక భారతదేశంలో గ్రామీణత ఒక శేషం. ఈ విషయం తరువాతి చర్చకంతటికీ మూలం.

1901 జనగణనలో పట్టణాలుగా గుర్తించినవి నాలుగు రకాలు: పురపాలక సంఘాలు, వాటి హద్దుల్లో చేరని సివిల్ లైన్లు, కంటోన్మెంట్లు, కనీసం 5,000 మంది నివసించే ఇళ్ల సముదాయాల్లో ప్రొవిన్షియల్ సూపరింటెండెంటు పట్టణంగా పరిగణించదలచుకున్నవి. సివిల్ లైన్లు, కంటోన్మెంట్ల ప్రస్తావనను బట్టే ఈ నిర్వచనం వలస పాలనావసరాలకు అనుగుణంగా తయారైందని తెలుస్తుంది. నాలుగవ రకంలో అధికారి విచక్షణకు చోటుంది. స్వల్ప మార్పులతో ఇదే పద్ధతి 1951 వరకు కొనసాగింది.

అశోక్ మిత్ర జనగణన కమిషనరుగా ఉన్న 1961లో ఈ విచక్షణ స్థానంలో కచ్చితమైన పరీక్షలు వచ్చాయి. చట్టబద్ధమైన పట్టణాలను అలాగే ఉంచి, మిగిలిన వాటికి మూడు షరతులు పెట్టారు: కనీసం 5,000 జనాభా, చదరపు మైలుకు కనీసం 1,000 జనసాంద్రత, పనిచేసే పురుషుల్లో కనీసం 75 శాతం వ్యవసాయేతర వృత్తుల్లో ఉండడం. 1951లో పట్టణాలుగా లెక్కకు వచ్చిన వందలాది ఊళ్లు ఈ పరీక్షకు నిలవక తిరిగి గ్రామాలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ భూభాగంలో 1951, 1961 సంవత్సరాల పట్టణ జనాభా వాటా రెండుసార్లూ దాదాపు 17.4 శాతం వద్దే కనిపించడానికి ఈ నిర్వచనం మారడం ఒక ముఖ్య కారణం. ఆ దశాబ్దంలో పట్టణీకరణ ఆగిపోయిందని ఈ అంకెలను బట్టి నిర్ణయించడం పొరపాటవుతుంది.

1971లో సాంద్రత షరతు చదరపు కిలోమీటరుకు 400గా మారింది. 1981 నుండి చేపలవేట, అడవి పనులు, తోటల పెంపకం వంటివి వ్యవసాయేతర వృత్తుల జాబితా నుండి తొలగిపోయాయి. వృత్తి పరీక్షలో పురుషులను మాత్రమే లెక్కించడం మాత్రం మారలేదు. నిజామాబాదు, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే పని ప్రధానంగా స్త్రీలది. ఆ పని వ్యవసాయేతరమే అయినా ఊరి స్వభావాన్ని నిర్ణయించే లెక్కలోకి రాదు. పొగాకు ధూళి వల్ల కలిగే రుగ్మతలను అధ్యయనం చేసే పరిశోధకునికి ఇది చిన్న లోపం కాదు.

2011 జనగణన నాటికి దేశంలోని 7,935 పట్టణాల్లో 4,041 చట్టబద్ధమైనవి. 3,894 జనగణన పట్టణాలు. 2001లో జనగణన పట్టణాలు 1,362 మాత్రమే. ఒకే దశాబ్దంలో రెండున్నర వేలకు పైగా ఊళ్లు ఉన్నచోటనే ఉండి గ్రామీణ జాబితా నుండి పట్టణ జాబితాలోకి మారాయి. కేరళలో పట్టణ జనాభా వాటా 2001లో 26 శాతం ఉండగా 2011లో 47.7 శాతానికి చేరడానికి ప్రధాన కారణం ఇదే. ఇలా మారిన ఊళ్లు సహజంగానే మెరుగైన రోడ్లు, వైద్య వసతులు ఉన్నవి. అవి తొలగిపోయాక మిగిలిన 'గ్రామీణ' వర్గపు సగటు దానంతట అదే తగ్గుతుంది. చేరిన చోట పట్టణ సగటు కూడా మారుతుంది. కనుక రెండు జనగణనల మధ్య గ్రామీణ ఆరోగ్య స్థితిని పోల్చేటప్పుడు ఎంత మార్పు ఆరోగ్యానిది, ఎంత మార్పు జాబితాది అన్నది విడదీసి చూడవలసి ఉంటుంది.

4. ఆరోగ్య ప్రణాళికలో తలలెక్క:

1943లో ఏర్పడి 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ స్వతంత్ర భారత ఆరోగ్య వ్యవస్థకు పునాది వేసింది. స్వల్పకాలిక ప్రణాళికగా 40,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య యూనిట్ ఉండాలని ఆ కమిటీ సూచించింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైన తరువాత బ్లాకుకు ఒకటి చొప్పున ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఏర్పడసాగాయి. ఒక్కో బ్లాకు జనాభా భోర్ కమిటీ చెప్పిన పరిమితిని మించినదే. 1962లో ముదలియార్ కమిటీ మళ్లీ 40,000 పరిమితినే గుర్తు చేసింది. ఆ తరువాత స్థిరపడిన ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఉపకేంద్రం, 30,000 మందికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 మందికి సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కొండ, గిరిజన, దుర్గమ ప్రాంతాల్లో ఈ అంకెలు వరుసగా 3,000, 20,000, 80,000.

ఈ ప్రమాణాలన్నింటికీ మూలం తలలెక్క. పేదదేశంలో ఉన్న కొద్దిపాటి వైద్యులను, నిధులను సమంగా పంచడానికి జనాభా ఒక న్యాయమైన ఆధారంగా తోచడం సహజం. పైగా జనగణన వల్ల ఆ సమాచారం గ్రామాలవారీగా అందుబాటులో ఉంది. కాని జనాభా సమానంగా పంచితే దూరం సమానంగా పంచినట్లు కాదు. ఈ విషయాన్ని చిన్న గణనతో నిరూపించవచ్చు.

2011లో ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు సుమారు 500. ఆ సాంద్రత వద్ద 30,000 మంది 60 చదరపు కిలోమీటర్లలో నివసిస్తారు. ఆ ప్రదేశం వృత్తాకారంగా ఉండి, ఆరోగ్య కేంద్రం నడిమధ్యన ఉందనుకుంటే అంచున ఉన్న ఊరికి దూరం 4.4 కిలోమీటర్లు. 2022లో ఏర్పడిన నాటి అల్లూరి సీతారామరాజు జిల్లాను తీసుకుంటే, సుమారు 12 వేల చదరపు కిలోమీటర్లలో తొమ్మిదిన్నర లక్షల జనాభా, అంటే చదరపు కిలోమీటరుకు దాదాపు 80 మంది. సడలించిన ప్రమాణం ప్రకారం 20,000 మందికి ఒక కేంద్రం పెట్టినా అది 250 చదరపు కిలోమీటర్లకు సేవ చేయాలి. అంచుకు దూరం 8.9 కిలోమీటర్లు. ఉపకేంద్రం విషయంలో ఇవే దూరాలు డెల్టాలో 1.8, కొండల్లో 3.5 కిలోమీటర్లు.

జనాభా ప్రమాణాన్ని మూడో వంతు తగ్గించినప్పటికీ సేవా విస్తీర్ణం నాలుగు రెట్లకు పైగా, దూరం రెండు రెట్లు పెరిగిందని ఈ లెక్క చెబుతుంది. డెల్టాలో ఉన్న దూరమే కొండల్లోనూ ఉండాలంటే దాదాపు 4,800 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పెట్టవలసి ఉంటుంది. ఇదంతా సరళరేఖ దూరమే. కొండదారి మలుపులు, వానాకాలంలో పొంగే వాగులు, బస్సు వచ్చే వేళలు ఈ లెక్కలో లేవు. ప్రమాణాన్ని నూటికి నూరుపాళ్లు అమలు చేసినా మన్యం వాసికి దక్కే సేవ మైదానవాసికి దక్కే సేవతో సమానం కాదని తేలుతోంది. లోపం అమలులోనే కాక ప్రమాణంలోనూ ఉన్నది. జాతీయ ఆరోగ్య మిషన్ దశలో ఎంపిక చేసిన కొండ, ఎడారి జిల్లాలకు ఆవాసం నుండి ముప్పై నిమిషాల నడకలో ఉపకేంద్రం ఉండాలనే భావన రావడం ఈ లోపాన్ని పాక్షికంగా గుర్తించడమే.

5. రెండు జాబితాల మధ్య చిక్కిన ఊళ్లు:

జనగణన జాబితా, ఆరోగ్య పాలన జాబితా ఒకటి కావు. 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ప్రారంభమయ్యాయి. పట్టణ మిషన్ రాష్ట్ర రాజధానులు, జిల్లా కేంద్రాలతో పాటు 50,000కు పైబడిన జనాభా గల పట్టణాలను తన పరిధిగా తీసుకుంది. అంతకన్నా చిన్న పట్టణాలు గ్రామీణ మిషన్ పరిధిలోనే మిగిలాయి. ఫలితంగా ముప్పై వేల జనాభా గల ఒక పురపాలక పట్టణం జనగణనలో పట్టణం, ఆరోగ్య సేవల పంపిణీలో గ్రామీణం. జనగణన పట్టణాల పరిస్థితి వేరు. అవి గణాంకాల్లో పట్టణాలు, పాలనలో గ్రామ పంచాయతీలు.

సర్వేలు జనగణన జాబితాను అనుసరిస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గ్రామీణ నమూనాకు గ్రామం, పట్టణ నమూనాకు జనగణన గణకుల బ్లాకు ప్రాథమిక యూనిట్లు. 2019-21 సర్వేకు ఆధారం 2011 జాబితా. ఈ మధ్యకాలంలో తెలంగాణలో 2018లో పదుల సంఖ్యలో కొత్త పురపాలక సంఘాలు ఏర్పడ్డాయి. వాటిలోని ప్రజలు సర్వే దృష్టిలో గ్రామీణులుగానే ఉన్నారు. ఈ సర్వే దత్తాంశంతో గ్రామీణ, పట్టణ ఆరోగ్య సేవలను పోల్చే పరిశోధకుడు, నివాసపు వర్గం ఒక పట్టికలోనూ సేవల వర్గం మరొక పట్టికలోనూ ఉన్నాయని గమనించకపోతే తప్పు నిర్ణయానికి వచ్చే ప్రమాదం ఉంది.

ఇంకొక చిక్కు గ్రామం అనే యూనిట్‌లోనే ఉంది. జనగణన లెక్కించేది రెవెన్యూ గ్రామాన్ని. ఒక రెవెన్యూ గ్రామంలో మూల గ్రామంతో పాటు అనేక మజరాలు, తండాలు, గూడేలు ఉండవచ్చు. ఆరోగ్య ఉపకేంద్రం మూల గ్రామంలో ఉంటే రికార్డులో ఆ గ్రామానికి వైద్య వసతి ఉన్నట్లే. నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న తండాకు ఆ వసతి ఎంతమేరకు అందుతోందో గ్రామవారీ పట్టిక చెప్పదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో తండాలు, గూడేలతో సహా నాలుగు వేలకు పైగా కొత్త గ్రామ పంచాయతీలు ఏర్పడ్డాయి. పంచాయతీ హోదా వల్ల ఆ ఆవాసాలకు ప్రత్యేక గుర్తింపు లభించింది. గణాంకాల్లో రెవెన్యూ గ్రామమే యూనిట్‌గా కొనసాగినంత కాలం వాటి ఆరోగ్య స్థితి విడిగా కనబడదు.

6. జిల్లా సగటు సమస్య: రంగారెడ్డి, కొకొనినో:

గ్రామస్థాయి సమాచారం లేనప్పుడు పరిశోధకులు జిల్లాను యూనిట్‌గా తీసుకొని, పట్టణ జనాభా శాతాన్ని గ్రామీణతకు సూచికగా వాడడం పరిపాటి. 2011 నాటి ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలో పట్టణ జనాభా సుమారు 70 శాతం. ఆ లెక్కన అది రాష్ట్రంలో హైదరాబాదు తరువాత అత్యంత పట్టణీకృత జిల్లా. అదే జిల్లాలో పడమటి దిక్కున వికారాబాదు అడవులు, పరిగి వైపు మెట్టపల్లెలు ఉండేవి. హైదరాబాదును చుట్టుకొని ఉన్న శివారు పట్టణాల జనాభా ఆ పల్లెలను అంకెల్లో కప్పివేసింది. 2016 జిల్లాల పునర్విభజనలో వికారాబాదు వేరు జిల్లా అయ్యేసరికి అవే పల్లెలు స్పష్టంగా గ్రామీణ జిల్లాగా బయటపడ్డాయి.

ఈ సమస్య ఒక్క తెలుగు ప్రాంతానిది కాదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు కొకొనినో కౌంటీ విశాలమైనది. అక్కడ ఫ్లాగ్‌స్టాఫ్ నగరం ఉండడం వల్ల కౌంటీ మొత్తం మహానగర ప్రాంతంగా వర్గీకృతమైంది. గ్రాండ్ కాన్యన్ లోయ అంచున ఉన్న విసిరేసినట్లుండే ఆవాసాలు సైతం ఆ లెక్కలో మహానగర ప్రాంతమే. ఇటువంటి పెద్ద కౌంటీల్లో మరుగున పడిన గ్రామీణ భాగాలను వేరు చేయడానికి 1990ల తొలినాళ్లలో గోల్డ్‌స్మిత్ సవరణ అనే పద్ధతి వచ్చింది. గ్రామీణ ఆరోగ్య నిధులకు ఎవరు అర్హులన్న ప్రశ్న దాని వెనుక ఉన్నది. కొలమానాన్ని ఆరోగ్యావసరానికి అనుగుణంగా సవరించిన తొలి ప్రయత్నాల్లో దీనిని ఒకటిగా పేర్కొనవచ్చు.

7. దూరం కొలమానంగా మారిన క్రమం:

అమెరికా జనగణన 1910 నుండి 2,500 జనాభాను పట్టణానికి కనీస హద్దుగా పాటించింది. 2020లో దానిని 5,000 జనాభా లేదా 2,000 నివాస గృహాలుగా మార్చింది. దీనికి సమాంతరంగా 1970లలో వ్యవసాయ శాఖ కౌంటీలను శ్రేణులుగా విభజించే సంకేతాలను రూపొందించింది. కాల్విన్ బీల్ పేరుతో ప్రసిద్ధమైన ఈ సంకేతాల వల్ల గ్రామీణత రెండు గడుల నుండి బయటపడి నిచ్చెన మెట్ల రూపం పొందింది. 1990ల చివర వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వ్యవసాయ శాఖ కలిసి రూపొందించిన గ్రామీణ-పట్టణ రాకపోకల సంకేతాలు కౌంటీని విడిచి జనగణన చిన్నభాగాన్ని యూనిట్‌గా తీసుకున్నాయి. ప్రజలు పనికోసం ఏ పట్టణానికి వెళుతున్నారన్నది వాటికి ఆధారం.

ఆస్ట్రేలియా మరొక దారి పట్టింది. 1994 వర్గీకరణలోని లోపాలను సరిదిద్దడానికి 1990ల చివర రోడ్డు దూరం ఆధారంగా ప్రాప్యత-దూరస్థితి సూచిక తయారైంది. ప్రతి ఆవాసం నుండి వేరువేరు పరిమాణాలు గల సేవా కేంద్రాలకు ఉన్న రోడ్డు దూరాన్ని కొలిచి, ఒక అంకె ఇవ్వడం ఈ పద్ధతి. కాని దూరం ఒక్కటే ఆధారమైనప్పుడు పెద్ద పట్టణమూ, దాని సమీపంలోని చిన్న ఊరూ ఒకే వర్గంలో చేరాయి. చిన్న ఊరికి వైద్యుడు రావడం కష్టం, పెద్ద పట్టణానికి సులభం. ప్రోత్సాహకం మాత్రం ఇద్దరికీ ఒకటే. 2015లో వాడుకలోకి వచ్చిన సవరించిన మొనాష్ నమూనా దూరానికి ఊరి జనాభాను కూడా జోడించి ఏడు వర్గాలు చేసింది.

కెనడాలో అంటారియో రాష్ట్రానికి 2000లో బోరిస్ క్రాల్ ప్రతిపాదించిన గ్రామీణతా సూచిక ప్రత్యేకంగా వైద్యసేవల ప్రణాళిక కోసమే పుట్టింది. 2008 రూపంలో దీనికి మూడు ఆధారాలు: జనాభా-జనసాంద్రత, ప్రాథమిక రిఫరల్ ఆసుపత్రికి ప్రయాణ కాలం, ఉన్నత స్థాయి రిఫరల్ ఆసుపత్రికి ప్రయాణ కాలం. ప్రతి స్థలానికి 0 నుండి 100 లోపు అంకె వస్తుంది. ఇక్కడ గ్రామీణత శేషం కాదు. నేరుగా కొలిచిన గుణం. 'పూట ప్రయాణం' అనే తెలుగు వాడుకకు అధికారిక రూపం ఇస్తే దాదాపు ఇలాగే ఉంటుంది.

ఈ నమూనాలను భారతదేశానికి యథాతథంగా దింపడం కుదరదు. ఆ దేశాల్లో గ్రామీణత అంటే ప్రధానంగా జనం పలచగా ఉండడం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో గ్రామాలే కిక్కిరిసి ఉంటాయి. 2020లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన పట్టణీకరణ స్థాయి పద్ధతిలో చదరపు కిలోమీటరుకు 300 మంది సాంద్రతతో 5,000 జనాభా గల సముదాయం పట్టణ వర్గంలో చేరుతుంది. దానిని వర్తింపజేస్తే డెల్టాలోని అనేక పంచాయతీలు గ్రామాలుగా మిగిలే అవకాశం తక్కువ. పైగా మన దేశంలో ప్రయాణ కాలం సొంత వాహనం ఉన్నవారికి ఒకటి, బస్సు కోసం ఎదురుచూసేవారికి ఒకటి, నడిచేవారికి మరొకటి.

8. కొలమానం - వైద్యుల నియామకం:

కొలమానాల ప్రభావం పరిశోధన పత్రాలకే పరిమితం కాదు. ప్రభుత్వ వైద్యులు పోస్టుగ్రాడ్యుయేట్ ప్రవేశ పరీక్ష రాసినప్పుడు దుర్గమ, మారుమూల ప్రాంతాల్లో చేసిన ప్రతి సంవత్సరం సేవకు వారు సాధించిన మార్కుల్లో 10 శాతం, గరిష్ఠంగా 30 శాతం అదనంగా కలిపే వెసులుబాటును వైద్యమండలి నిబంధనలు కల్పించాయి. ఏ ప్రాంతం మారుమూలదో నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలది. ఈ నిబంధనపై వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018లో నిబంధనకు 'గ్రామీణ ప్రాంతాలు' అనే మాట కూడా చేరింది.

ఈ ఒక్క పదం చేర్చడం వల్ల కలిగే తేడాను ఆలోచించవలసి ఉంది. మారుమూల అన్న మాట దూరాన్ని సూచిస్తుంది. గ్రామీణ అన్న మాట హోదాను సూచిస్తుంది. నగరానికి ఇరవై నిమిషాల దూరంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేసిన సేవకు, కొండల్లోని కేంద్రంలో చేసిన సేవకు సమానమైన ఫలం దక్కితే వైద్యుడు దేనిని ఎంచుకుంటాడన్నది ఊహించడం కష్టం కాదు. కొండ ప్రాంతానికి వైద్యుణ్ణి పంపడానికి ఉద్దేశించిన ప్రోత్సాహకం నిర్వచనంలోని వదులుతనం వల్లనే ఆ ఉద్దేశానికి దూరం కావచ్చు.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. భారత జనగణనలో గ్రామీణత స్వతంత్రంగా నిర్వచితమైన గుణం కాదు. పట్టణాన్ని నిర్వచించగా మిగిలిన శేషం. ఆ పట్టణ నిర్వచనానికి మూలాలు 1901 నాటి పాలనావసరాల్లో ఉన్నాయి.

2. 1961, 1981 సంవత్సరాల నిర్వచన మార్పులు, 2011లో జనగణన పట్టణాల పెరుగుదల గ్రామీణ వర్గంలోని సభ్యులనే మార్చాయి. కాలానుగత పోలికల్లో ఈ మార్పును లెక్కలోకి తీసుకోవాలి.

3. భోర్ కమిటీ నాటి నుండి ఆరోగ్య కేంద్రాల ప్రమాణాలకు జనాభాయే ఆధారం. జనసాంద్రత తక్కువగా ఉన్న మన్యం ప్రాంతాల్లో సడలించిన ప్రమాణం కూడా మైదానం కన్నా రెట్టింపు దూరాన్ని మిగుల్చుతుంది.

4. జిల్లా సగటు, రెవెన్యూ గ్రామపు సగటు రెండూ లోపలి తేడాలను కప్పివేస్తాయి. ఆరోగ్య పరిశోధనకు అనువైన యూనిట్ ఆవాసం.

5. ఒకే కొలమానం అన్ని ప్రశ్నలకూ సరిపోదు. అత్యవసర కాన్పుల అధ్యయనానికి ఆసుపత్రికి పట్టే ప్రయాణ కాలం, వృత్తి సంబంధ రుగ్మతల అధ్యయనానికి స్త్రీపురుషులిద్దరి వృత్తులు, వైద్యుల నియామక అధ్యయనానికి దూరంతో పాటు ఊరి పరిమాణం అవసరమవుతాయి. ఏ కొలమానం ఎందుకు ఎంచుకున్నారో పరిశోధనా పత్రంలోనే స్పష్టంగా చెప్పడం కనీస ధర్మం.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా కొత్త జనగణనకు ప్రకటన వెలువడింది. రాబోయే దశాబ్దపు ఆరోగ్య సర్వేలన్నీ ఆ జాబితాల మీదనే ఆధారపడతాయి. ఆవాసాల వారీ సమాచారం, వాటి నుండి ఆరోగ్య కేంద్రాలకు ఉన్న దారి, ప్రయాణ కాలం ఆ జాబితాలతో అనుసంధానమైతే పాడేరు కొండల్లోని గూడెం గోదావరి కాలువగట్టు మీది ఊరి సగటులో కలిసిపోకుండా తన స్థానంలో కనబడుతుంది. ఎక్కడ ఆసుపత్రి కట్టాలి, ఎక్కడికి వైద్యుణ్ణి పంపాలి అనే నిర్ణయాలకు అప్పుడే సరైన ఆధారం ఏర్పడుతుంది.